నలుగురూ జనవరి ఒకటినే పుట్టారట, నవ్వొచ్చిందా మేడమ్?

ఇప్పుడే ఒక శరణార్థి కుటుంబాన్ని తీసుకుని ఇక్కడి అమెరికా లైసెన్సు ఆఫీసుకి వెళ్ళి వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు. కాస్త చల్లబడ్డాక రాద్దామనుకున్నా గానీ, చల్లబడితే నేను రాయను, నా సంగతి నాకు తెలుసు.

మూడు గంటలు కూర్చున్నాక మా నంబరు పిలిచారు. కౌంటర్ వెనక ఉన్నావిడ కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. తండ్రి, జనవరి 1. తల్లి, జనవరి 1. కొడుకు, జనవరి 1. చిన్నపిల్ల, జనవరి 1. ఆగి, పక్క కౌంటర్ ఆవిడకి చూపించింది. "వీళ్ళింట్లో ఏడాదికి ఒక్క కేకు చాలు" అంది. ఇద్దరూ నవ్వారు. మా వెనక నిలబడ్డ ఎవడో కూడా నవ్వాడు. అదంతా ఒక ఎత్తు. చాచా, అంటే ఆ తండ్రి, ఆయన కూడా నవ్వాడు చూడండి, అక్కడ నా ప్రాణం పోయింది. ఆవిడన్నది ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆఫీసరమ్మ నవ్వుతోంది కాబట్టి పనైపోయినట్టే అనుకుని, చేతులు కట్టుకుని మరీ నవ్వాడు.

పని కాలేదు. నవ్వడం అయ్యాక "పాస్‌పోర్ట్ ఏదీ?" అంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. వీళ్ళు రోహింగ్యాలు, బర్మాలోని ముస్లిం మైనారిటీ. 2017లో ప్రాణాలు చేతబట్టుకుని బంగ్లాదేశ్‌లోకి పారిపోయి, కాక్స్ బజార్ క్యాంపులో ఏడేళ్ళు టార్పాలిన్ కింద బతికి, ఎన్ని ఇంటర్వ్యూలో, ఎన్ని వేలిముద్రలో అయ్యాక 2025 జనవరి మధ్యలో అమెరికాలో దిగారు. ఆ తర్వాత పట్టుమని పది రోజులు కాకముందే, జనవరి 24న, శరణార్థుల్ని కుదురుకునేలా చేసే సంస్థలన్నిటికీ పని ఆపేయమని పైనుంచి ఆర్డరు. మొదటి 90 రోజులు ఇల్లు, స్కూలు, కాగితాలు చూసిపెట్టాల్సింది ఆ సంస్థలే. వీళ్ళ కేస్ వర్కర్ ఉద్యోగం పోయింది. పోతూ పోతూ ఆ అమ్మాయి ఏడుస్తూ నాకు ఫోన్ చేసి "మీకు హిందీ వచ్చు కదా" అంది. నా హిందీ ఇంటర్ సెకండ్ లాంగ్వేజ్ హిందీ, చాచాది సినిమాల హిందీ. ఇద్దరం కలిసి అమెరికా ఫెడరల్ చట్టం అర్థం చేసుకుంటున్నాం. మీరు నవ్వాలనుకుంటే దీనికి నవ్వండి.

ఇక ఆ జనవరి ఒకటి గోల. ఆస్పత్రి గడప తొక్కనివ్వని ఊళ్ళో, ఇంట్లో పుట్టిన బిడ్డకి బర్త్ సర్టిఫికెట్ ఎవరిస్తారు? క్యాంపులో పేర్లు రాసుకునేటప్పుడు అడిగితే ఆ తల్లి చెప్పింది, పెద్ద వరదలొచ్చిన ఏడాది పుట్టిందని. ఏడాది దొరికింది. ఫారంలో నెల, తేదీ గళ్ళు ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఒప్పుకోదు. వేసెయ్ జనవరి 1. ఈ దేశంలో ఇలా జనవరి ఒకటిన పుట్టిన శరణార్థులు కోకొల్లలు. ఆ కౌంటర్లో కూర్చున్న మనిషి రోజుకి ఒకరినైనా చూసే ఉంటుంది. అయినా నవ్వింది.

మనం మాత్రం ఏం తక్కువ తిన్నామని? మా నాన్న పుట్టింది కార్తీకమాసంలో, సర్టిఫికెట్లో జులై 1. బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు తలకాయ చూసి వేసిన తేదీ అది. ఆ తేదీ లెక్కనే జీవితాంతం ఉద్యోగం చేశాడు, ఆ లెక్కనే రిటైరయ్యాడు. మీ ఇళ్ళల్లో ఎంతమంది నాన్నలు జూన్, జులైల్లో పుట్టారో ఒకసారి లెక్కెట్టుకోండి. మన హెడ్మాస్టరు వేస్తే ముద్దు, క్యాంపులో గుమాస్తా వేస్తే జోకు.

పాస్‌పోర్ట్ దగ్గరికి వద్దాం. "పాస్‌పోర్ట్ లేకపోతే మీ దేశం ఎంబసీకి వెళ్ళి తెచ్చుకోండి" అంది ఆ మహాతల్లి. ఇల్లు తగలబెట్టినవాడి దగ్గరికే వెళ్ళి ఇంటి పట్టా అడగమన్నట్టు. బర్మా 1982లో పౌరసత్వ చట్టం ఒకటి చేసి, తాము గుర్తించిన జాతుల జాబితాలో వీళ్ళ పేరే లేకుండా చేసింది. చాచాకి మిగిలింది ఒక తెల్ల కార్డు, తాత్కాలిక గుర్తింపు అట. 2015లో అదీ చెల్లదన్నారు, తెచ్చి అప్పజెప్పమన్నారు. అప్పజెప్పాడు. బదులుగా రసీదు ఇచ్చారు. మనిషికి రసీదు! ఆ రసీదు కూడా ఊరితో పాటే కాలిపోయింది. ఇదంతా ఆయన కారులో నాకు చెప్పింది, ఏదో బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆవిడకి నేను ఇదంతా చెప్పబోతే "నెక్స్ట్" అంది.

శరణార్థికి చాలాసార్లు పాస్‌పోర్ట్ ఉండదు, దిగిన రోజు శరణార్థి అని స్టాంపు వేసి ఇచ్చే ఐ-94 అనే ప్రవేశ పత్రమే ఆధారం. ఆ ఐ-94 చాలునని ఆ ఆఫీసు సొంత జాబితాలోనే ఉంది. నేను ప్రింటు తీసుకుని, పసుపు రంగు పూసి మరీ పట్టుకెళ్ళాను. ఆవిడ దాన్ని చూళ్ళేదు. సూపర్‌వైజర్ని పిలవమంటే లంచ్‌కెళ్ళారట. ఉదయం పదింటికి లంచ్!

అసలు ఐడీకి ఇంత తొందరేంటి అంటారా? చాచా ఫిబ్రవరి మొదట్లో ఒక గోడౌన్లో పనికి చేరాడు. ఐ-94 చూపిస్తే పనిలో పెట్టుకోవచ్చు, కానీ ఆ కాగితం చెల్లేది చేరిన రోజు నుంచి 90 రోజులే. ఈలోగా వర్క్ పర్మిట్ కార్డు చూపించాలి, లేదా సోషల్ సెక్యూరిటీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే నంబరు కార్డు), దానితో పాటు ఫొటో ఉన్న ఐడీ. వర్క్ పర్మిట్లు పోస్టులో వచ్చేస్తాయన్నారు, అప్లై కూడా అక్కర్లేదన్నారు. వచ్చాయి కూడా. తల్లిది వచ్చింది, కొడుకుది వచ్చింది. చాచాది మాత్రం మొదటి మూడు వారాలు ఉన్న తాత్కాలిక ఇంటికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఎటో వెళ్ళిపోయింది. ఇల్లు మారితే పది రోజుల్లో ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి చెప్పాలని రూలు. ఎవరు చెప్పాలి? కేస్ వర్కర్. కేస్ వర్కర్ ఎక్కడ? ఇంట్లో, వేరే ఉద్యోగం వెతుక్కుంటోంది. ఆ రూలు సంగతి నాకు తెలిసేటప్పటికే కార్డు పోయింది. ఇది నా తప్పు కూడా, ఒప్పుకుంటున్నాను, దీని మీద నాకు ఎవరూ క్లాసు పీకక్కర్లేదు.

సోషల్ సెక్యూరిటీ కార్డు చేతిలో ఉంది, అందుకని ఇప్పుడు ఫొటో ఐడీ ఒక్కటే దారి. ఇంకా పదకొండు రోజులుంది.

ఆ ఆఫీసులో ఈ వారం అంత జనం ఎందుకో తెలుసా? 2025 మే 7 నుంచి రియల్ ఐడీ (ఫెడరల్ ప్రమాణాల ప్రకారం ఇచ్చే కార్డు) లేనిదే మామూలు లైసెన్సుతో విమానం ఎక్కడం కుదరదన్నారు కదా, నక్షత్రం గుర్తున్న కార్డు కోసం ఊరంతా అక్కడే ఉంది. ఆ చట్టం 2005ది. అంటే తేదీలు జరుపుకుంటూ జరుపుకుంటూ అమెరికావాళ్ళకి ఇచ్చిన గడువు ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళు పడుకుని ఆఖరి వారంలో నిద్రలేచినవాళ్ళకి నవ్వుతూ నీళ్ళ సీసా అందించారు, నా కళ్ళతో చూశాను. 90 రోజుల మనిషికి మాత్రం "మీరు ముందే చూసుకోవాలి కదా సర్".

చాచా కొడుకు సంగతి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తి కాదు. కాగితం మీద వాడికి పంతొమ్మిది. ఇక్కడికి వచ్చిన 18 నుంచి 25 ఏళ్ళ మగపిల్లలు 30 రోజుల్లో సెలెక్టివ్ సర్వీసులో పేరు ఎక్కించుకోవాలి. అంటే రేపు యుద్ధమొచ్చి నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోవాల్సొస్తే పిలవడానికి. మర్యాదగా ఎక్కించుకున్నాడు. అక్కడ ఏ పేచీ లేదు. జనవరి ఒకటా, పాస్‌పోర్ట్ ఉందా, ఒక్క ప్రశ్న లేదు. లైసెన్సు ఆఫీసులో నవ్వులపాలైన పుట్టినరోజు తుపాకీకి పనికొచ్చింది.

ఇంకోటి. వీళ్ళ విమానం టికెట్లు ఊరికే ఇచ్చారనుకుంటున్నారా? అప్పు. వడ్డీ లేదు గానీ నలుగురివీ తీర్చాల్సిందే, బయల్దేరకముందే సంతకం పెట్టించుకున్నారు. ఐ-94లో చాచా పేరు ఒకలా ఉంది, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఇంకోలా ఉంది, స్కూలు రిజిస్టర్లో మూడోలా ఉంది. ఆ అప్పు పత్రంలో మాత్రం అక్షరం తప్పు పోలేదు.

పేరంటే గుర్తొచ్చింది. చాచాకి ఉన్నది ఒకటే పేరు. రెండో గడి నింపాలి కాబట్టి ముందర ఎఫ్ ఎన్ యు తగిలించారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. నన్నడగండి దాని గురించి! 2011లో నేను వచ్చినప్పుడు నా పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో ఉండి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. వీసా మీద నా పేరు ఫ్నూ అయింది. డాక్టర్ దగ్గర "ఫ్నూ!" అని పిలిస్తే మొదట్లో లేచేదాన్ని కాదు, తర్వాత్తర్వాత లేచేదాన్ని. అదే అసలు అవమానం, అలవాటు పడిపోవడం. ఈ విషయం చాచాకి చెప్తే "అయితే మనిద్దరిదీ ఒకే పేరా బెహన్?" అన్నాడు. ఆయన జోకు వేశాడో నిజంగా అడిగాడో నాకు ఇప్పటికీ తెలీదు.

సరే, ఇంత జరిగి బయటికొచ్చి పార్కింగులో ఫోన్ తెరిస్తే మన తెలుగువాళ్ళ గ్రూపు. నిన్న నేను పొరపాటున ఈ కుటుంబానికి ఎవరైనా కారిస్తారా అని అడిగాను లెండి. కారు రాలేదు, అభిప్రాయాలు వచ్చాయి. ఒక అన్నగారు, పేరు చెప్పను, ఆయనకే తెలుసు, ఇలా రాశారు: "మనం పన్నెండేళ్ళుగా టాక్సులు కట్టి గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాం, వీళ్ళకి ఏడాదికేనా? లైన్ దూకించేసి పైగా సేవలా?"

అన్నగారూ, వాళ్ళు మీ లైన్లోనే లేరు. మీ లైన్ ఆగింది ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న కోటా వల్ల. వీళ్ళవి ఆ లెక్కలోకే రావు. వీళ్ళు ఇవాళ వెనక్కి వెళ్ళిపోయినా మీరు ఒక్క అంగుళం ముందుకి జరగరు. పైగా ఏడాది నిండాక అప్లై చెయ్యడం వాళ్ళ సరదా కాదు, చట్టమే చెయ్యమంటుంది. ఇది నేను మూడోసారి చెప్పడం. మీరు చదవరు, బొటనవేలు బొమ్మ పెడతారు.

ఈయన ఎవరో నాకు కొత్త కాదు. హెచ్4 మీద, అంటే ఉద్యోగం మీద వచ్చినవాళ్ళ భార్యాభర్తలకిచ్చే వీసా మీద, నేను ఇంట్లో కూర్చున్న నాలుగేళ్ళు గుర్తున్నాయా అన్నగారూ? పని చెయ్యడానికి వీల్లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. నంబరు ఇవ్వము అని వాళ్ళే రాసిచ్చిన ఉత్తరం పట్టుకెళ్తే తప్ప లైసెన్సు ఇవ్వలేదు. బ్యాంకులో, ఫోన్ షాపులో, అన్నిచోట్లా మా ఆయన సంతకమే. ఎమ్.టెక్ చదివిన మనిషిని, కరెంటు బిల్లు మీద నా పేరు ఎక్కించుకోవడానికి ఏడ్చాను. అప్పుడు మీ ఇంట్లో భోజనాల దగ్గర మీరన్న మాట: "నీకేంటమ్మా, హాయిగా ఇంట్లో ఉన్నావ్, మాలాగా చాకిరీ లేదు." పక్కనే మీ ఆవిడ అదే హెచ్4 మీద గిన్నెలు తోముతోంది. తను తల ఎత్తలేదు. 2015లో హెచ్4 వాళ్ళలో కొందరికి పని చేసుకునే వీలు వచ్చినప్పుడు అప్లికేషన్ ఎలా నింపాలో మొదట నాకు ఫోన్ చేసింది తనే, మీరు ఆఫీసుకెళ్ళాక. ఇది మీకు తెలీదనుకుంటా. ఇప్పుడు తెలిసింది.

నా పేరుతో మొదటి కార్డు వచ్చిన రోజు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. సిగ్గేం లేదు చెప్పుకోవడానికి. అందుకే పోస్టులో ఎటో పోయిన ఆ కార్డు గురించి నాకు ఇంత మంట.

మంగళవారం మళ్ళీ వెళ్తున్నాం, పక్క ఊరి ఆఫీసుకి. అక్కడ కౌంటర్లో ఒక పెద్దావిడ ఉంటుందని, కాగితాలు చదివే మనిషని కేస్ వర్కర్ అమ్మాయి చెప్పింది. దేశం నడిచే పద్ధతి ఇదీ, ఏ కౌంటర్లో ఎవరున్నారో కనుక్కుని వెళ్ళాలి. చాచా ఆ రోజు జీతం పోగొట్టుకుని వస్తాడు. వచ్చేటప్పుడు కారులో అడిగాడు, ఆవిడ ఎందుకు నవ్విందని. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పింది అన్నాను. కాసేపు ఆలోచించి, "కానీ ఇప్పుడు జనవరి కాదు కదా" అన్నాడు. నేను సిగ్నల్ చూస్తున్నట్టు నటించాను.

ఇది రాస్తుండగానే అన్నగారు విడిగా మెసేజ్ పెట్టారు: "అమ్మా, రియల్ ఐడీకి ఏమేం కాగితాలు పట్టుకెళ్ళాలి? నువ్వు వెళ్ళొచ్చావుగా."

చదివాను. నీలం టిక్కులు పడ్డాయి. పడనీ.