మగజాతి కష్టాల మీద మావాడి ఉపన్యాసం

ఇప్పుడే మా మేనల్లుడితో గొడవేసుకుని కంచంలో చెయ్యి కడిగేసి లేచొచ్చాను. "అత్తా, ఆడోళ్లకి కావాల్సింది డబ్బొక్కటే" అంటాడు. ఎవడు చెప్పాడ్రా అంటే ఫోను నా మొహం మీద పెట్టాడు. ఎవడో గడ్డం, నల్ల కళ్లజోడు, వెనకాల అద్దె కారు, ఆడదాన్ని అదుపులో పెట్టడమెలాగో క్లాసు పీకుతున్నాడు, కింద కోర్సు ఫీజు కూడా వేశాడు. ఆడవాళ్లని తక్కువ చేసి మాట్లాడి ఇంటర్నెట్లో పేరు తెచ్చుకున్న ఆండ్రూ టేట్‌కి తెలుగు జిరాక్స్ అన్నమాట. ఆ అసలు గురువుగారిని మనుషుల అక్రమ రవాణా కేసులో 2022 డిసెంబర్లో రుమేనియా పోలీసులు పట్టుకెళ్లారు, ఆ ముక్క మాత్రం మావాడి రీల్స్‌లోకి రాలేదట!

బీటెక్ అయింది, ఉద్యోగం లేదు, వెళ్లిన సంబంధమల్లా వెనక్కొస్తోంది. బాధే, కాదనను. కానీ ఆ కోపం ఫీజులు గుంజిన కాలేజీ మీద రాదే, అమలాపురం బస్సులో సీటు దొరకలేదని ఆడవాళ్ల మీదొస్తుంది. 2025 ఆగస్టు 15న ఫ్రీ బస్సు పెట్టినప్పట్నుంచీ వీళ్లంతా ఊరేగుతున్నారట. రొయ్యల షెడ్డుకి తలలు తీయడానికి పోయేవాళ్ల వేళ్లు ఎప్పుడైనా చూశాడా? ఐసులో నాని పాలిపోయి, ముళ్లు గుచ్చుకున్నచోటల్లా చీము. గొప్ప ఊరేగింపు!

అన్నిటికంటే మండేది ఏంటంటే, వాడి బండి, ఫోను, ఆ ఫోన్లో రీఛార్జ్, అన్నీ మా వదిన కువైట్‌లో షేకు ఇంట్లో బాత్రూములు కడిగి పంపినవే. శుక్రవారం ఆవిడ వీడియో కాల్ చేస్తే "తర్వాత చేస్తానమ్మా" అని కట్ చేసి మళ్లీ ఆ గడ్డపోడినే చూస్తాడు.

పక్కన మా అన్నయ్య ముసిముసి నవ్వులు. "కుర్రోడు, వదిలెయ్యవే" అట. వీడికి రీల్స్ దేనికి, ఇంట్లోనే యూనివర్సిటీ ఉంటే! ఎన్టీఆర్ హయాంలో, 1985 నుంచే, మన రాష్ట్రంలో ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంది. ఢిల్లీకి 2005లో గానీ తెలివి రాలేదు. మా ఇంటికి ఇంకా రాలేదు. "పసుపు కుంకుమ ఇచ్చాం కదమ్మా" అని తియ్యగా పిలిచి, కాగితాల మీద సంతకం పెట్టించుకుని, కొబ్బరి తోట మొత్తం అన్నయ్య పేర రాసేసుకున్నారు. అప్పట్నుంచీ ప్రతి దింపు డబ్బులూ ఆయనకి, సంక్రాంతికి ఓ చీర నాకు. డబ్బు పిచ్చి మాత్రం ఆడవాళ్లది!

ఇదంతా ఇక్కడ రాశానని తెలిస్తే ఈసారి ఆ చీర కూడా కట్. చేసుకోమనండి.