కరెంటు స్తంభం కాపాడిన గుట్ట

ఏటా డిసెంబర్ 11న కొండలకు ఒక మంచిరోజు వస్తుంది. 2003 నుంచి ఐక్యరాజ్యసమితి ఆ తేదీన అంతర్జాతీయ పర్వత దినోత్సవం జరుపుతోంది కాబట్టి మనమూ జరుపుతాం. ఫ్లెక్సీ కడతాం. హైస్కూలు పిల్లల్ని ఎండలో నిలబెట్టి, కుడిచెయ్యి చాపించి, కొండల్ని కాపాడతామని ప్రతిజ్ఞ చేయిస్తాం. వేదిక మీది పెద్దమనిషి 'సుస్థిర అభివృద్ధి' అని నోరు తిరిగినన్నిసార్లు అంటాడు. ఇందులో నాకే అభ్యంతరమూ లేదు. పిల్లలు నిలబడ్డ ఆ మైదానం చదును చేయడానికి గ్రావెల్ ఎక్కడి నుంచి తోలారో కూడా చెబితే బాగుండేదని, అంతే.

తిరుపతి నుంచి చిత్తూరు వైపు బస్సులో వెళ్లేవాళ్లు కిటికీలోంచి ఇలాంటిది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఒకప్పుడు గుట్ట ఉన్నచోట పెద్ద గుంట. గుంట నడిమధ్యలో మూడు నిలువుల ఎత్తు మట్టిదిమ్మె. దిమ్మె చుట్టూ ప్రొక్లెయిన్ పళ్లు గీకిన గాట్లు, పైనుంచి కిందిదాకా. దిమ్మె నెత్తిన ఒక కరెంటు స్తంభం, దాని మొదట్లో ఒక తంగేడు మొక్క. అంతే, గుట్టలో మిగిలింది. మిగతాదంతా రాత్రిళ్లు టిప్పర్లెక్కి వెళ్లిపోయింది.

ఈ స్తంభం ముందు నాకు చెప్పులు విడవాలనిపిస్తుంది. 1980లో అటవీ సంరక్షణ చట్టం తెచ్చాం, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం తెచ్చాం. అవి చేయలేని పని ఈ సిమెంటు స్తంభం ఒంటికాలి మీద నిలబడి చేసింది. కారణం చాలా సులభం. స్తంభం పడితే ఊళ్లో కరెంటు పోతుంది, పోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. గుట్ట పోతే ఏ ఇంట్లోనూ ఫ్యాను ఆగదు. అందుకే ప్రభుత్వానికి నాదొక సవినయ సూచన: ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మిగిలిన ప్రతి గుట్ట మీదా పది గజాలకొక స్తంభం పాతండి. తీగలు లాగక్కర్లేదు, ఖర్చు దండగ. స్తంభం చాలు.

ఏడుకొండలకు ఈ అవసరం లేదు. శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే చెట్టూ జంతువూ సహా కాపాడాల్సిన ప్రాంతంగా, ప్రకటించారు. అలిపిరిలో భక్తుడి సంచి స్కానర్లో పెట్టి, ప్లాస్టిక్ వాటర్ బాటిల్ కనబడితే తీసి పక్కన పడేస్తారు. మంచిదే, పడేయాల్సిందే. కానీ అక్కడ ఖాళీ సీసా దాటలేదు, ఇవతల గుట్టకు గుట్టే దర్జాగా హైవే ఎక్కేస్తుంది, ఆపి అడిగే నాథుడు ఉండడు. ఎనిమిదో కొండగా పుట్టడమే దాని ఖర్మ.

చట్టం కూడా మట్టి మీద జాలి చూపిన రోజులున్నాయి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. మనిషి పాలప్యాకెట్ కోసం గడప దాటితే లాఠీ. సరిగ్గా ఆ వారంలోనే, 28న, రోడ్లు, పైపులైన్ల లాంటి పనులకు మామూలు మట్టి తవ్వుకోవడానికి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. నూటముప్పై కోట్ల మంది ఇళ్లలో కూర్చుంటే, తిరిగే స్వేచ్ఛ ఒక్క మట్టికే దక్కింది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. నాలుగేళ్లు. ప్రొక్లెయిన్‌కు నాలుగు రాత్రులు చాలు.

ఇప్పుడు మాయమైన గుట్ట మీద విచారణ ఎలా జరుగుతుందో ఊహించుకోండి. తహసీల్దారు జీపు దిగుతాడు, వెనకాలే సర్వేయరు, వీఆర్వో, గొలుసు పట్టుకున్న కుర్రాడు.

"గుట్ట ఏదయ్యా?"

"రికార్డులో ఉంది సార్. గుట్ట పోరంబోకు అని స్పష్టంగా ఉంది."

"నేల మీద?"

"నేల మీద ఇంకా అప్‌డేట్ అయినట్టు లేదు సార్."

అక్కడే మేకలు మేపుతున్న ముసలాయన్ని పిలిచి అడుగుతారు.

"గుట్టా సామీ? మొన్నటిదాకా ఈడే ఉండె. రాత్రిపూట కొంచెం కొంచెంగా పొయ్యింది."

"ఎటు పోయింది?"

"ఎటో ఏంది సామీ, మీరు ఇప్పుడు దాని మీదనే కదా వచ్చినారు."

తహసీల్దారు ఒకసారి రోడ్డు వైపు చూసి, లైన్‌మన్‌ను పిలిపిస్తాడు. స్తంభం ఎట్లా ఎక్కుతున్నావని ప్రశ్న. "ముందు నిచ్చెనేసి గుట్ట ఎక్కాల సార్, ఆ తర్వాత స్తంభం ఎక్కాల." నోట్ చేసుకుంటారు. గుంటలో వాననీళ్లు నిలిచి ఉండటం ఇంజనీరు కంట పడుతుంది. ఆయనకు మెరుపులాంటి ఆలోచన. దీన్ని నీటికుంటగా రాసేస్తే? జలసంరక్షణ అవుతుంది. రెండు పెడల్ బోట్లు, ఒక సెల్ఫీ పాయింటు, దిమ్మె మీది స్తంభానికి రంగురంగుల లైట్లు. అందరికీ నచ్చుతుంది. కుంటన్నాక కట్ట కావాలి. కట్టకు గ్రావెల్ కావాలి. ఎక్కడి నుంచి తేవాలి అని అందరూ ఒకేసారి తలెత్తుతారు. ఎదురుగా ఇంకో గుట్ట, నిక్షేపంగా ఉంటుంది. దాని మీద స్తంభం లేదు.

గుట్ట అంటే తోలకానికి పనికొచ్చే మట్టి కుప్ప కాదు. మనకు ఈశాన్య రుతుపవనాల వాన కొద్ది వారాల్లోనే కుమ్మరించి పోతుంది. ఆ నీటిని బండల సందుల్లో, గడ్డి వేర్లలో పట్టుకుని మెల్లగా వంకకు, వంక నుంచి చెరువుకు వదిలేది ఆ గుట్టే. పట్టుకునేది లేకపోతే నీళ్లు నిలవక ఉరుకుతాయి. ఆగని నీళ్లు ఎలా ఉంటాయో 2021 నవంబర్‌లో తిరుపతి వీధుల్లో చూశాం, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు చూశాం. వాన వెళ్లిన నాలుగు నెలలకే మళ్లీ బోర్లలో నీళ్లుండవు. వెయ్యి అడుగులు దించి, అప్పు చేసి, దుమ్ము తప్ప ఏమీ రాక, తోతాపురి మామిడి చెట్లకు ట్యాంకర్ నీళ్లు పోసే రైతును అడగండి, గ్రావెల్ రేటెంతో. గుట్ట మీద సీతాఫలాలు కోసుకుని బుట్టలో పెట్టి అమ్ముకునే ఆడవాళ్లు ఇప్పుడు ఏం అమ్ముకోవాలి? ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ఆ గుంటల్లో ఈతకు దిగి చచ్చిపోతున్నారు. గుంట చుట్టూ ఒక ముళ్లకంప వేయడానికి కూడా చేతులు రావు. గుట్టను మింగిన వాళ్లకు ఆ కంప ఖర్చెంత? మరుసటిరోజు జిల్లా పేజీలో నాలుగు లైన్లు. కుటుంబసభ్యులు కన్నీరుమున్నీరు. కేసు నమోదు. ఎవరి మీద? గుంట మీదా?

మా వైపు ఊరివాళ్లు ఇంకా అమాయకులు, సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టారు. రాత్రిళ్లు గుట్ట తవ్వేస్తున్నారు, ఆపండి మహాప్రభో అని. ఫైలు కదలడానికి పట్టే కాలం పట్టింది. ఈలోపు అవతల టిప్పర్లూ తమ పని ముగించాయి. అర్జీ పరిష్కరించబడినదని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. జవాబు నేనే చదివిపెట్టాను: "క్షేత్రస్థాయిలో పరిశీలించగా సదరు సర్వే నంబరులో ఎటువంటి గుట్టయూ లేదు. కావున గుట్టను తవ్వుచున్నారను ఫిర్యాదు నిరాధారమని తెలియజేయడమైనది."