పరిమళం కింద ఉన్న ఆకును రుచి చూడండి

ఫ్లేవర్డ్ టీ పట్ల చాలామంది టీ ప్రియులకు ఉన్న చులకన భావం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. అసలైన టీ తాగేవారికి ఈ పూల వాసనలు, పండ్ల వాసనలు ఎందుకని కొట్టిపారేసేవారు ఒకవైపు ఉన్నారు. మూత తీయగానే గుప్పుమనే వాసననే నాణ్యతగా చూపించి అమ్మేవారు ఇంకొకవైపు ఉన్నారు. ఈ ఇద్దరి మధ్య, నిజంగా శ్రద్ధగా తయారైన పరిమళాల టీకి దక్కవలసిన గౌరవం దక్కకుండా పోతోంది. కొన్నేళ్లుగా ఇంట్లోనే తీరిక చేసుకుని రకరకాల ఫ్లేవర్డ్ టీలను రుచి చూస్తున్న మనిషిగా నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. ఫ్లేవర్డ్ టీ కూడా ముందు టీయే, కాబట్టి దాన్ని అంచనా వేయవలసింది పైన పట్టించిన వాసనను బట్టి కాదు, ఆ వాసనను మోస్తున్న ఆకును బట్టి.

ఈ నమ్మకం నాకు ఒక డబ్బా వల్ల కలిగింది. అది పీచ్ పండు ఫ్లేవర్ ఉన్న బ్లాక్ టీ. మూత తీయగానే గదంతా మాగిన పండు వాసన కమ్ముకుంది, ఆకుల మధ్య ఎండిన పండు ముక్కలు, పసుపు పూరేకులు ముచ్చటగా కనిపించాయి. కానీ కప్పులో పోసుకుని తాగితే, ముక్కుకు అందిన ఆ పండు నోట్లో ఎక్కడా తగల్లేదు. మొదటి గుక్క దిగిన తరువాత మిగిలింది పలచగా, నీరసంగా, కాస్త చేదుగా ఉన్న టీ మాత్రమే. మరునాడు ఆ పండు ముక్కలను విడిగా ఏరి, వాటినే వేడినీళ్లలో నానబెట్టి చూశాను. కొంచెం తీపి, కొంచెం పులుపు ఉన్న నీళ్లు వచ్చాయి, పీచ్ వాసన అంతంతమాత్రమే. ముక్కలూ రేకులూ కంటికి ఇంపు కోసం చేర్చినవనీ, పరిమళమంతా ఆకు మీద చల్లిన ఫ్లేవర్ ద్రవం నుంచి వచ్చిందనీ అప్పుడు నాకు అర్థమైంది. ఫ్లేవర్ చల్లడమే తప్పని నేను అనడం లేదు, మంచి ఆకు మీద కొలతగా చల్లితే అది కూడా చక్కని టీ అవుతుంది. పసలేని ఆకును దాచిపెట్టడానికి వాసనను ముసుగుగా వాడడమే నాకు కోపం తెప్పించే విషయం.

వాసన మనల్ని ఇంత సులువుగా ఎందుకు ఒప్పించగలుగుతుందో తెలుసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ముక్కును వేళ్లతో గట్టిగా మూసుకుని ఒక గుక్క ఫ్లేవర్డ్ టీ నోట్లోకి తీసుకోండి. నాలుకకు తెలిసేది చేదు, వగరు, వేడి, చక్కెర వేసి ఉంటే తీపి, అంతే. గుక్క మింగి ముక్కు వదలగానే పువ్వో పండో ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. మనం రుచి అని పిలిచే దానిలో పెద్ద భాగం వాసనే. ఆ వాసన ముక్కుకు చేరే దారులు రెండు: బయటి నుంచి పీల్చుకునే దారి ఒకటి, నోట్లో ఉన్న పదార్థపు ఆవిరి గొంతు వెనుక నుంచి పైకి వెళ్లే దారి ఇంకొకటి. డబ్బా మూత తీసి చూసే వాసన మొదటి దారిలో వస్తుంది, తాగేటప్పుడు అసలు పని రెండో దారిది. మొదటి దారిలో గొప్పగా ఉన్న టీ రెండో దారిలో శూన్యంగా ఉండవచ్చు, నా పీచ్ టీ విషయంలో జరిగింది అదే. టీని వృత్తిగా రుచి చూసేవారు చెంచాతో పెద్ద చప్పుడు చేస్తూ జుర్రుకోవడానికి కారణం కూడా ఇదే. ద్రవం తుంపరలుగా మారి నోరంతా పరుచుకుంటే పరిమళం ఆ రెండో దారిని బాగా అందుకుంటుంది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా నిస్సంకోచంగా అలా జుర్రుకుని చూడాలని నా కోరిక.

ఫ్లేవర్డ్ టీ అంటే నాసిరకం అనుకునేవారికి నేను ముందుగా చూపించేది జాస్మిన్ టీని. మనవాళ్లు దీన్ని తరచుగా జాజి టీ అని అనువదిస్తున్నారు కానీ, చైనాలోని ఫుజౌ ప్రాంతంలో ఈ టీకి వాడే పువ్వు వృక్షశాస్త్రంలో జాస్మినమ్ సంబక్, అంటే మనం మల్లె అని పిలిచే పువ్వు. దాన్ని మల్లె టీ అంటేనే ఆ వాసన ఎలాంటిదో తెలుగువారికి సూటిగా తెలుస్తుంది. మల్లె పగలు మొగ్గగా ఉండి, చీకటి పడే వేళకు విచ్చుకుంటూ పరిమళాన్ని వదులుతుంది. ఆ సంగతి తెలిసిన తయారీదారులు పగలు మొగ్గలు కోయించి, విచ్చుకునే వేళకు వాటిని ముందే తయారుచేసి ఉంచుకున్న గ్రీన్ టీ ఆకుతో కలిపి రాత్రంతా ఉంచుతారు. ఎండిన ఆకు చుట్టూ ఉన్న వాసననూ తేమనూ పీల్చుకుంటుంది. తెల్లవారాక వాడిన పూలను వేరుచేసి, ఆకును మళ్లీ ఆరబెట్టి, మరో విడత తాజా మొగ్గలతో అదే పని మళ్లీ చేస్తారు. మేలు రకాలకు ఇది అనేక విడతలు సాగుతుంది. ఇంత శ్రమ పడిన డబ్బాలో చివరికి ఒక్క పువ్వు కూడా కనిపించకపోవచ్చు. పువ్వు తన పని ముగించుకుని వెళ్లిపోయింది, పరిమళం ఆకులో మిగిలింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ఫుజౌ మల్లె, టీ సాగు సంప్రదాయాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల జాబితాలో చేర్చింది. దీనిని నాసిరకం ఆకును దాచే ఉపాయంగా కొట్టిపారేయడం అన్యాయం.

ఎర్ల్ గ్రే మరో తరహా ఉదాహరణ. బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు తొక్క నుంచి తీసిన నూనెను బ్లాక్ టీకి పట్టిస్తే వచ్చేది ఈ టీ. ఆ పండు ప్రధానంగా ఇటలీ దక్షిణ కొసన ఉన్న కలాబ్రియాలో పండుతుంది. 1830 నుంచి 1834 వరకు బ్రిటన్ ప్రధానమంత్రిగా ఉన్న చార్లెస్ గ్రే పేరు దీనికి వచ్చింది, అయితే ఒక చైనా అధికారి కృతజ్ఞతగా ఆయనకు ఈ మిశ్రమాన్ని బహూకరించాడనే కథకు ఆధారం లేదు. కథ కంటే నాకు ఆసక్తి కలిగించేది ఈ జోడీ కుదరడం వెనుక ఉన్న కారణం. బెర్గమోట్ నూనెలో ఉండే లినలూల్ అనే పరిమళ పదార్థం టీ ఆకులో కూడా సహజంగానే ఉంటుంది. బయటి నుంచి వచ్చిన వాసన ఆకులో అప్పటికే ఉన్న ఒక వాసనను తట్టి లేపుతోందన్నమాట. ఆకు మంచిదైతే ఆ రెండు వాసనలు ఎక్కడ కలుస్తున్నాయో తెలియనంతగా కలిసిపోతాయి, ఆకు బలహీనమైతే నూనె ఒక్కటే పైకి తేలి, సబ్బు నాకిన భావన మిగులుతుంది. ఎర్ల్ గ్రే నాకు నచ్చదని చెప్పే చాలామంది తాగింది ఈ రెండో రకమేనని నా అనుమానం.

పూలు, పండ్లే కాదు. చైనాలోని వూయీ కొండల్లో పైన్ కట్టెల పొగ మీద ఆరబెట్టే లాప్సాంగ్ సూచాంగ్, వేయించిన బియ్యం కలిపిన జపాన్ గెన్‌మైచా కూడా పరిమళాల టీలే. పొగ వాసన మొదటిసారి అందరికీ నచ్చదు, రెండోసారి కూడా తాగి చూడమని మాత్రం అంటాను.

ఇంట్లో రుచి చూడడానికి ఖరీదైన సామగ్రి ఏదీ అక్కరలేదు, కావలసింది కొలత. టీలను పోల్చి రుచి చూడడానికి 1980లో ప్రచురించిన ఐఎస్‌ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, అప్పుడే మరిగిన నీరు, పింగాణీ పాత్ర, 6 నిమిషాల సమయం అని అది నిర్దేశిస్తుంది. అది రుచికరమైన కప్పు కోసం రాసిన పద్ధతి కాదు, లోపాలు బయటపడేలా అన్ని టీలనూ ఒకే తక్కెడలో తూచే పద్ధతి. నేను అందులోంచి తీసుకున్నది ఒక్క సూత్రం: ఒకే సమయంలో రెండు కప్పులు పెట్టుకోవాలి. ఒకదానిలో ఫ్లేవర్డ్ టీ, రెండోదానిలో అదే జాతికి చెందిన, ఏ ఫ్లేవరూ లేని టీ. కొలత ఒకటే, నీరు ఒకటే, సమయం ఒకటే. ముందు మామూలు టీ, తరువాత ఫ్లేవర్డ్ టీ, మళ్లీ మామూలు టీ తాగి చూస్తే, పరిమళం ఆకుకు ఏమి చేర్చిందో, ఏమి కప్పేసిందో పది నిమిషాల్లో తేలిపోతుంది. నాకు తెలిసి ఏ సమీక్షా చెప్పలేనంత స్పష్టంగా ఈ రెండు కప్పులు చెబుతాయి.

ఇక్కడ తెలుగువారికి భాష ఇచ్చిన ఒక సౌలభ్యం ఉంది. చేదు వేరు, వగరు వేరు అని మనకు చిన్నప్పటి నుంచే తెలుసు, షడ్రుచుల్లో వగరుకు విడిగా చోటు ఉంది. టీ తాగేటప్పుడు ఈ తేడా ఎంతో ముఖ్యం. చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు నిజానికి స్పర్శ లాంటిది. టీలోని పాలీఫినాల్ పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్ల నోటి లోపల జారుడుతనం తగ్గి, చెంపలు లోపలికి లాగుతున్నట్టు అనిపిస్తుంది. కాస్త వగరు ఉంటే పూల వాసనకు వెన్నెముక దొరుకుతుంది, అసలు లేకపోతే టీ అత్తరు కలిపిన నీళ్లలా ఉంటుంది. వగరు మితిమీరిందంటే, చాలాసార్లు తప్పు టీది కాదు, నీటి వేడిది. మల్లె టీలో ఉన్నది గ్రీన్ టీ కనుక దానికి 75 నుంచి 80 డిగ్రీల నీరు చాలు, రెండు మూడు నిమిషాల సమయం చాలు. సలసల మరిగే నీళ్లు పోస్తే చేదు, వగరు ఒక్కసారిగా దిగి, అంత కష్టపడి పట్టించిన పరిమళం వాటి కింద నలిగిపోతుంది. థర్మామీటర్ లేకపోతే మరిగిన నీటిని ఒక చల్లని పాత్రలోకి, అందులోంచి ఇంకో చల్లని పాత్రలోకి మార్చి పోసుకుంటే తగినంత వేడి తగ్గుతుంది. బ్లాక్ టీ మీద తయారైన ఫ్లేవర్లకు మాత్రం మరుగు నీరే సరైనది.

పాలు, చక్కెర వేసుకోవద్దని నేను ఎవరికీ చెప్పను. మొదటి రెండు గుక్కలు మాత్రం ఏమీ కలపకుండా తాగమని వేడుకుంటాను. పాలలోని ప్రొటీన్లు వగరును తగ్గిస్తాయి, దానితోపాటు సున్నితమైన పూల పరిమళమూ వెనక్కి తగ్గుతుంది. 1930లో అస్సాంలో పుట్టిన సీటీసీ పద్ధతిలో ఆకును నలిపి, చింపి, చుట్టి చిన్న గుళికలుగా చేస్తారు. ఆ గుళికల నుంచి రంగు, బలం చాలా త్వరగా దిగుతాయి. అలాంటి టీ మీద అల్లం, ఏలకులు, లవంగాల వంటి గట్టి వాసనలు నిలబడతాయి, పాలను కూడా తట్టుకుంటాయి. మల్లె, గులాబీ వంటివి మాత్రం దాని ముందు నిలవలేవు. ఏ పరిమళానికి ఏ ఆకు తగునో ఆలోచించకుండా, ఉన్న ఆకు మీద అడిగిన వాసన చల్లి అమ్మే ధోరణి మీద నా ఫిర్యాదంతా ఇదే.

ఇంట్లోనే పరిమళం పట్టించుకోవడంలో ఉన్న ఆనందం వేరు. పెద్ద ఆకు ఉన్న మంచి బ్లాక్ టీని గాజు సీసాలో పోసి, చీల్చిన వెనిల్లా కాయ ఒకటి అందులో పెట్టి రెండు వారాలు మూత బిగించి ఉంచండి. నారింజ తొక్కతో చేయాలంటే లోపలి తెల్లని పొరను పూర్తిగా గీకేసి, గలగలలాడేలా ఎండబెట్టి కలపాలి, ఆ తెల్లని పొర చేదును తెస్తుంది. మల్లెలతో కూడా ప్రయత్నించవచ్చు, మందులు కొట్టని పూలు దొరికితేనే. సాయంత్రం విచ్చుకోబోతున్న మొగ్గలను ఆకుతో పొరలు పొరలుగా పరిచి, మూత పెట్టి, పొద్దున్నే పూలు తీసేసి, ఆకును చాలా తక్కువ సెగ మీద ఆరబెట్టాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది కనుక ఇందులో అశ్రద్ధ పనికిరాదు. ఒక్క రాత్రితో వచ్చే పరిమళం ఎంత పలచగా ఉంటుందో చూసినప్పుడే, అన్ని విడతలు ఓపికగా తిరగేసే చేతుల మీద నాకు నిజమైన గౌరవం కలిగింది.

టీ అనే పేరుతో అమ్ముడయ్యే చామంతి జాతి కమోమిల్, దక్షిణాఫ్రికా రూయిబోస్, ఎర్రని హైబిస్కస్ వంటివి టీ మొక్క నుంచి వచ్చినవి కావు. హైబిస్కస్ టీని మందార టీ అంటున్నారు కానీ, అందులో ఉన్నవి ఎర్ర గోంగూర పువ్వు రక్షకపత్రాలు, ఆ పులుపు అందుకే. వాటిని నేనూ ఇష్టంగా తాగుతాను, పుల్లని హైబిస్కస్‌లో పాలు పోస్తే విరిగిపోతాయని తెలుసుకుని మరీ తాగుతాను. నాకు అభ్యంతరం వాటిని, వాటితోపాటు ప్రతి ఫ్లేవర్డ్ టీనీ మందులా అమ్మడం మీద. ఒంట్లోని మలినాలను కడిగేస్తుంది, బరువు తగ్గిస్తుంది అన్న మాటలు డబ్బా మీద చేరగానే, తాగేవాడు రుచి సంగతి అడగడం మానేస్తాడు. మందు కనుక బాగా లేకపోయినా మింగేస్తాడు. రుచి బాగా లేని టీని వెనక్కి నెట్టే హక్కును మన చేతుల్లోంచి అలా జారవిడుచుకుంటున్నాం.

దాచుకోవడం గురించి ఒక మాట. పరిమళాన్ని పీల్చుకునే గుణమే ఆకుకు శత్రువు కూడా. మసాలా డబ్బాల పక్కన పెడితే మల్లె టీ కాస్తా ధనియాల టీ అవుతుంది. వెలుతురు చొరని, గాలి చొరని డబ్బాలో, ఒక్కో ఫ్లేవర్ విడివిడిగా ఉంచి, కొద్దికొద్దిగా కొనుక్కుని కొన్ని నెలల్లోనే వాడేయడం మంచిది.

ఇక కొత్త డబ్బా ఏది వచ్చినా నేను పెట్టే చివరి పరీక్ష మూడో కప్పు. అదే ఆకు మీద రెండోసారి, మూడోసారి నీళ్లు పోస్తాను. మొదటి కప్పులో పరిమళం ముందు నడుస్తుంది, రెండో కప్పులో ఆకూ పరిమళమూ పక్కపక్కన నడుస్తాయి, మూడో కప్పుకు పరిమళం దాదాపు వెళ్లిపోతుంది. ఆ మూడో కప్పు తాగదగినదిగా ఉంటే ఆ డబ్బా మళ్లీ కొంటాను. ప్రస్తుతం నా దగ్గరున్న మల్లె టీ మూడో కప్పులో లేత గడ్డి లాంటి చల్లని తీపి ఉంది, అడుగున ఎక్కడో, కప్పు ఖాళీ అయి చల్లారాక మాత్రమే తెలిసే మల్లెపూల వాసన ఉంది.