కవికి బహుమతి వచ్చింది, ఇప్పుడేం చేద్దాం?

మా ఎంవీపీ కాలనీ కుర్రాడి మొదటి కవితా సంపుటికి బహుమతి వచ్చింది. మంగళవారం పొద్దున్న వాట్సాప్‌లో చూశాను. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి మా ఇంటి ముందు చెట్టు గేటు మీద పడినప్పుడు కూడా నేనింత కంగారు పడలేదు.

అసూయ అనుకునేరు. అసూయ కూడా ఉంది, కానీ అది వేరే పద్దు. నా బెంగంతా వ్యవస్థ గురించి.

తెలుగు కవిత్వం ఇన్నాళ్లూ ఒక ఒప్పందం మీద సాఫీగా నడుస్తోంది. కవి సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేసుకుంటాడు. ప్రెస్సు నుంచి ఆటోలో తెచ్చుకుని మంచం కింద సర్దుకుంటాడు. ‘పెద్దలు, ఆత్మీయులు ఫలానా వారికి’ అని రాసి, సంతకం పెట్టి మనకిస్తాడు. మనం రెండు చేతులా అందుకుని, అట్ట నిమిరి, ‘గెటప్ అదిరిపోయిందయ్యా’ అంటాం. ఒక ఫొటో దిగుతాం. అక్కడితో సరి. కొనమని అతను అడగడు, చదివానని మనం చెప్పం. ఎవరి మర్యాద వాళ్లకి దక్కుతోంది. ఇంత చక్కటి ఏర్పాటు మధ్యలోకి ఈ బహుమతి వచ్చి పడింది. ఇక పుస్తకంలో ఏముందో ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ ఎవరో ఒకరు నేనే. ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అభినందన సభ. నేను ముఖ్యవక్తని. ఎందుకంటే ఆ పుస్తకానికి ముందుమాట రాసింది నేను.

రాసిన విధానం దాచను. కిందటేడు ఒక సాయంత్రం బీచ్ రోడ్డులో కూర్చుని మురీ మిక్చర్ తింటున్నాను. కుర్రాడు స్పైరల్ బైండింగ్ పట్టుకొచ్చాడు. ఆటోనగర్‌లో ఏదో లేత్ షాపులో లెక్కలు రాస్తాడు, పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు. ‘మాస్టారూ, ఒకసారి చూసి ఎలా ఉన్నాయో చెప్పండి’ అన్నాడు. పొట్లం అయిపోయింది, చేతికి మసాలా, నిమ్మరసం. జేబురుమాలు ఇంట్లో మర్చిపోయాను. దగ్గర్లో ఉన్న కాగితం అదొక్కటే. వెనక పేజీయే లెండి. తర్వాత ఆ బైండింగ్ నా స్కూటర్ డిక్కీలో రెండు నెలలు పదిలంగా ఉంది.

రెండు నెలలకి ప్రూఫులు తెచ్చి, ముందుమాట కావాలన్నాడు. విషయసూచిక ఆసాంతం చదివాను. అందులో ‘మరక’ అనే పేరు నచ్చింది. శ్రమజీవి చొక్కా మీది మరకే అయ్యుంటుందని ఊహించి, ‘కార్మికుడి చెమటకి పట్టిన అద్దం ఈ కవిత’ అని రాశాను. ‘ఈ కవి గుండెలో సముద్రం ఘోషిస్తోంది’ అని మొదలుపెట్టాను. విశాఖ కవి అన్నాక సముద్రం లేకుండా పోదు. అంతకుముందు మూడు పుస్తకాలకి అదే వాక్యం వాడాను. అందులో ఒకటి అనంతపురం కవిది. ఆయన కూడా ఏమీ అనలేదు.

చదవకుండా ముందుమాటేమిటని ముక్కు విరిచేవాళ్లకి ఒక్క మాట. శ్రీశ్రీ మహాప్రస్థానానికి చలం గారు ‘యోగ్యతాపత్రం’ అని ముందుమాట రాసింది 1940లో. పుస్తకం అచ్చయింది 1950లో. అంటే పదేళ్లపాటు పుస్తకం లేకుండా ముందుమాట ఒక్కటే బతికింది. రెంటికీ సంబంధం ఉండి తీరాలని ఎక్కడుంది? చలం గారు కవితలన్నీ చదివే రాశారన్నది నాకు సంబంధించని విషయం.

బహుమతితో వచ్చిన ప్రశంసాపత్రం వాట్సాప్‌లో పెట్టారు. అందులో రెండో వాక్యం: ‘ఈ కవి గుండెలో సముద్రం ఘోషిస్తోంది.’ న్యాయనిర్ణేతలు ముందుమాటైనా చదివారు. ఈ రోజుల్లో అది తక్కువేం కాదు.

అసలు మొదటి పుస్తకానికే బహుమతివ్వడం ఎంత ప్రమాదమో ఈ ఊరివాళ్లకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. శ్రీశ్రీ 1910లో ఇక్కడే పుట్టాడు. 1928లో, పద్దెనిమిదేళ్లకి, మొదటి పుస్తకం ‘ప్రభవ’ వేశాడు. సంప్రదాయ పద్ధతిలో రాసిన పద్యాలు. అప్పుడే ఎవరో మహానుభావుడు శాలువా కప్పి, నూట పదహార్లు చేతిలో పెట్టి ఉంటే? కుర్రాడు అదే దారిలో హాయిగా ఏటా ఒక పద్యసంపుటి వేసుకుంటూ పోయేవాడు. బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉండేది కాదు, ఫలానా చోట కలుద్దాం అని చెప్పుకోడానికి మనకో గుర్తు తక్కువయ్యేది. ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల కవిత్వానికి జరిగిన మేలు మీద యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ అయినా రాలేదంటే విచారకరం.

కేంద్ర సాహిత్య అకాడెమీ వాళ్లు 2011 నుంచి యువ పురస్కారం ఇస్తున్నారు. 35 ఏళ్లు దాటకూడదు, 50,000 రూపాయలు. మనలో అరవై దాటినవాళ్లని కూడా వేదిక మీద ‘యువకవి’ అని పిలుచుకునే సంప్రదాయం ఉంది. దాన్ని వాళ్లు బొత్తిగా లెక్కచేయలేదు.

కుర్రాడికి వచ్చింది అంత పెద్దదేమీ కాదు, 10,000. లెక్కలు రాసేవాడు కదా, కాగితం మీద రాసి చూపించాడు. అచ్చుకి 42,000. పోటీకి నాలుగు కాపీలు, కొరియరు. ఆవిష్కరణ సభకి హాలు, మైకు, సమోసాలు, అతిథులకి శాలువాలు. మొత్తం యాభై ఎనిమిది వేల చిల్లర. పదివేలు తీసేస్తే మిగిలింది కింద రెండు గీతలు కొట్టి, ‘కవిత్వం’ అని రాశాడు. ఆడిట్ అభ్యంతరం ఉండదనుకుంటాను.

సరే, ప్రసంగానికి పుస్తకం కావాలి కదా. అలమర వెతికాను, టీవీ వెనక వెతికాను. పాత పేపర్లతో వెళ్లిపోయిందేమోనని గుండె జారింది. చివరికి మా ఆవిణ్ణి అడిగాను.

‘నీలం అట్టదేనా? వంటింట్లో ఉంది. కుక్కర్ విజిల్స్ వచ్చేలోపు రెండేసి చదువుతున్నాను. రెండోసారి’ అంది.

రెండోసారి!

తెచ్చి ఇచ్చింది. మధ్యలో కరివేపాకు రెబ్బ గుర్తు పెట్టి ఉంది. ‘47వ పేజీ చూడండి. మీరు ముందుమాటలో మెచ్చుకున్నదే’ అంది. చూశాను. పేరు ‘మరక’. నాలుగే పాదాలు.

*నా కాగితాల మీద*
*ఒక పెద్దాయన వేళ్లు తుడుచుకున్నాడు*
*ఇంతవరకు నా కవిత్వం*
*ఒకరికి పనికొచ్చింది అప్పుడే*

కార్మికుడి చెమట కోసం పేజీ తిప్పి కూడా చూశాను. లేదు.

‘ఇది చదివి మొన్న అబ్బాయికి ఫోన్ చేశానండీ. చాలా నవ్వుకున్నాం. బాగా రాశావు నాయనా అన్నాను. ఆహ్వానపత్రం చూశారా మీరు?’

చూడలేదు. నా పేరు ఎంత సైజులో వేశారో మాత్రం చూశాను. మళ్లీ తీశాను. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ముఖ్యవక్త, అందరి పేర్లూ డిగ్రీలతో సహా ఉన్నాయి. అన్నిటికన్నా కింద, వందన సమర్పణ కన్నా ఒక లైను పైన, మా ఆవిడ పేరుంది. పక్కన హోదా: పాఠకురాలు.

ముప్పై ఏళ్లుగా సభలకి తిరుగుతున్నాను. ఆ హోదా ఏ ఆహ్వానపత్రంలోనూ చూడలేదు.