డిగ్లీపూర్‌కు నాలుగు రోజులు చాలవు

నాలుగు రోజుల అండమాన్ టూరులోనే హేవ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్), ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ రెండూ చూడొచ్చని ఒక యాత్రా వ్యాసంలో రాశారు. కడప నుంచి బయల్దేరేవాళ్లు దయచేసి ఆ లెక్క నమ్మొద్దు. మనకు చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీవిజయపురం) విమానం. ఆ తర్వాత డిగ్లీపూర్‌కు రోడ్డున దాదాపు 325 కిలోమీటర్లు, ఒక పగలంతా పోతుంది. దారిలో జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర, జారవా అనే ఆదివాసులుండే అడవిలోకి బండ్లను నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గానే, అంటే అన్నిటినీ ఒక వరుసగా కలిపే వదులుతారు. ఒకటి తప్పితే తర్వాతిదాని కోసం కూర్చోవాల్సిందే. లోపల ఫోటోలు నిషేధం. రానుపోనుకే రెండు రోజులు తీసిపెట్టుకోండి.

జనం లేని సముద్రం కావాలంటే మాత్రం డిగ్లీపూరే. ఏరియల్ బే జెట్టీలో బోటెక్కితే రాస్, స్మిత్ దీవులు. రెంటినీ కలిపే తెల్లటి ఇసుక తిన్నె ఆటు వేళ పైకి తేలుతుంది, ఇటువైపూ అటువైపూ నీళ్లు, మధ్యలో నడిచి పోవచ్చు. పోటు వస్తే అదే తిన్నె మునిగిపోతుంది. చాలామంది నిరాశపడేది ఇక్కడే. ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి పోయిన వారం ఎవరో చెప్పిన టైము పనికిరాదు. ముందురోజే జెట్టీలో బోటువాళ్లను అడగండి. అటవీశాఖ పర్మిట్‌కు ఆధార్ ఉంచుకోండి.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచిది. చలికాలం ఐదున్నరకే చీకటి పడుతుంది. మడ అడవుల వాగుల్లో మొసళ్లుంటాయి, దిగొద్దు. పగడాలు ఏరి తేవడం నేరం, పిల్లలకు ముందే చెప్పండి.