నల్ల పాచి గారికి ఖాళీ చేయమని నోటీసు

మహారాజశ్రీ నల్ల పాచి గారికి, టెక్సస్ రాష్ట్రం, ఫ్రిస్కోలో ఒకానొక పెరటి స్విమ్మింగ్ పూల్ యజమాని నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అనడానికి నోరు రావడం లేదు. మీ కుశలం మాత్రం మెట్ల పక్కన, నీడ పట్టున, చుక్కలు చుక్కలుగా కనిపిస్తూనే ఉంది.

గ్రీన్ కార్డు కోసం క్యూలో మాకు తల నెరిసింది. తమరు ఏ చెరువులోనో మునిగొచ్చిన పిల్లల నిక్కరు పట్టుకుని దిగి, ప్లాస్టర్ రంధ్రాల్లో పాతుకుపోయి, ఏ కాగితమూ లేకుండా స్థిరనివాసం పుచ్చుకున్నారు. అసలు మీరు నాచు కూడా కాదట, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులట! భూమి మీద గాలికి ఆక్సిజన్ పోసిన వంశమట, 200 కోట్ల ఏళ్ళు దాటిన చరిత్రట. అంత పెద్దింటివారికి నెలనెలా మార్ట్‌గేజ్ కట్టుకునే మా పెరడే దొరికిందా?

మిమ్మల్ని మేపుతున్నవాళ్ళ సంగతీ చెప్పుకోవాలి. బకెట్లలో అమ్మే ఆ మూడంగుళాల క్లోరిన్ బిళ్ళలున్నాయే, అవి కరిగి 10 పీపీఎం (పది లక్షల పాళ్ళకి పది పాళ్ళు) క్లోరిన్ దింపినప్పుడల్లా, దాంతో పాటు దాదాపు 6 పీపీఎం సయనూరిక్ యాసిడ్ కూడా నీళ్ళలో దిగుతుంది. కొంచెం ఉంటే మంచిదే, ఎండకి క్లోరిన్ హరించుకుపోకుండా కాస్తుంది. కానీ క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది ఖర్చవదు, ఆవిరీ అవదు. అలా పేరుకుని 100 దాటిందంటే, పరీక్షలో కనిపించే క్లోరిన్ జీతం తీసుకుంటూ కుర్చీలో కునుకు తీసే వాచ్‌మన్‌తో సమానం. మీకింకేం, దర్జాగా కాపురం.

పూల్ షాపు కుర్రాడు ఈ ముక్క చెప్పడు. నీళ్ళు పరీక్షించి, కాగితం ప్రింటు తీసి, మూడు సీసాలు చేతిలో పెడతాడు. అందులో ఒకటి రాగి మందు. రాగి ఎక్కువైతే లేతరంగు జుట్టు ఆకుపచ్చగా మారుతుంది. వేసవికని వచ్చిన మా మామగారి తెల్లటి తల మీద ఆ ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు.

అయినా తప్పుడు మందు పోయడంలో మాకంటే ఘనులున్నారు లెండి. 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ పూల్ లోకమంతా చూస్తుండగా ఆకుపచ్చగా మారింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి ఉన్న క్లోరిన్‌ను కాస్తా చంపేశారని తర్వాత నిర్వాహకులే ఒప్పుకున్నారు.

కాబట్టి ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: సగం నీళ్ళు తోడేసి కొత్తవి పడుతున్నాం. దాంతో సయనూరిక్ కూడా సగమవుతుంది. మొత్తం తోడేస్తామని మాత్రం ఆశ పడకండి, అడుగున ఊటనీరు పైకుంటే ఖాళీ పూల్ నేలలోంచి లేచి కూర్చుంటుంది. రోజూ స్టీలు బ్రష్‌తో మీ తలలు గీకడం జరుగును. మీ ఒంటి మీది జిగురు పొర చిరగందే మందు లోపలికి దిగదని తెలిసింది. (మాది ప్లాస్టర్ గోడ కాబట్టి సరిపోయింది, గోడకి వినైల్ లైనర్ అనే ప్లాస్టిక్ పొర ఉన్న పొరుగాయన స్టీలు బ్రష్ జోలికే పోకూడదు.) సయనూరిక్ 40 దగ్గరికొచ్చాక, పొద్దు వాలింతర్వాత, బిళ్ళలు కాదు, ద్రవ క్లోరిన్, 16 పీపీఎం దాకా. ఒక్క చుక్క కూడా కనబడకుండా పోయేదాకా క్లోరిన్‌ను అక్కడినుంచి దిగనివ్వం. పంపు రాత్రింబవళ్ళు ఆగదు. ఫిల్టర్, బొమ్మలు, వల కర్ర, ఆ నిక్కరు, అన్నిటికీ స్నానమే.

ఇట్లు,
కరెంటు బిల్లు కూడా కడుతున్న మీ ఇంటి ఓనరు

తా.క. శనివారం పూల్ పార్టీ అని పిలిచిన వాళ్ళందరికీ, అది ఉత్త బిర్యానీ పార్టీయేనని మా ఆవిడ మళ్ళీ వాట్సాప్ పెట్టింది. టవళ్ళు తెచ్చుకోనక్కర్లేదు.