ఇంకోటి చెక్కుకోవచ్చుగా, అన్నారు

వాళ్లు ఇప్పుడే లిఫ్ట్ ఎక్కారు. కాఫీ గ్లాసులు టీపాయ్ మీదే ఉన్నాయి. వాటి సంగతి తర్వాత చూసుకుంటాను. ముందు ఇది రాయకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

మా వారి చిన్నాన్నగారు, అంటే నాకు చిన్నమావయ్యగారు, శుభలేఖ ఇవ్వడానికి వచ్చారు. వెంట మనవడు. కూర్చోగానే ఆయన కళ్లు షోకేసు మీద పడ్డాయి. నేను కర్రతో చెక్కుకున్న పిట్టలు, ఒక ఉడుత, ఒక చిన్న ఎద్దుబండి అందులో ఉంటాయి. నా పోస్టులు చదివేవాళ్లకి అవన్నీ తెలిసినవే.

"ఏమ్మా, ఇవన్నీ నువ్వే చేశావటగా. ఒక్కోటి ఎంతకి పోతోంది?"

"అమ్మనండి మావయ్యగారూ. నా కోసం చెక్కుకుంటాను."

"అమ్మకపోతే మరి ఇంత కష్టం దేనికమ్మా?"

ఆ మాటకి ఏం చెప్పాలో తెలీక వంటింట్లోకి వెళ్లాను. కాఫీ కలిపి తెచ్చేసరికి షోకేసు తలుపు బార్లా తీసుంది. పిచ్చుక పిల్లాడి చేతిలో ఉంది, దాని తోక సోఫా కింద ఉంది. పిల్లాడిని నేనేమీ అనను, ఇంకా బడికి కూడా సరిగా వెళ్లని పసివాడు. అడగకుండా తలుపు తీసి వాడి చేతిలో పెట్టిన పెద్దాయన ఏమన్నారో వినండి. "పోనీలేమ్మా, ఇంకోటి చెక్కుకోవచ్చుగా. కాదంటే ఫెవిక్విక్ పెట్టెయ్."

ఇంకోటి చెక్కుకోవచ్చుగా! మా వారు పక్కనే కూర్చుని నవ్వారు. అది మేం మేం తేల్చుకుంటాం.

ఆ తోక గురించి చెప్తాను, ఎందుకంటే ఎవరూ అడగరు. అది తెల్ల పొనికి కర్ర. కొండపల్లి బొమ్మలు చేసేది దాంతోనే. చేతిలో పెట్టుకుంటే బరువే తెలీదు, గోరు గుచ్చితే గుర్తు పడుతుంది. మెత్తటి కర్ర కాబట్టి ఏ కత్తికైనా తెగుతుందనుకుంటారు. అసలు మెత్తటి కర్రకే కత్తి ఎక్కువ పదునుండాలి. పదును కాస్త తగ్గిందంటే కర్ర తెగదు, నలుగుతుంది, నార లేస్తుంది. అందుకే చెక్కడానికి కూర్చునే ముందు కత్తిని సానరాయి మీద పట్టి, ఆ తర్వాత పాత తోలు బెల్టు మీద రుద్దుకోవాలి. ఇక బొమ్మ గీసుకునేటప్పుడే ముక్కూ తోకా కర్ర పోగు వెంట, అంటే నార సాగిన దిక్కునే, వచ్చేట్టు చూసుకోవాలి. పోగుకి అడ్డం వచ్చిందా, సన్నం చేసేసరికి బలపంలా పుటుక్కుమంటుంది. ఒళ్లంతా పూర్తయ్యాకే తోక జోలికి వెళ్లాలి. ఎడమ బొటనవేలితో కత్తి వీపుని నెమ్మదిగా తోస్తూ పొరలు పొరలుగా తీయాలి. రెక్కల మీద ఈకల గీతలకైతే ఒక్కో గీతకీ రెండు కోతలు, అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి. రెండూ అడుగున సరిగ్గా కలిస్తే మధ్యలోంచి సన్నటి పోచ చుట్టుకుంటూ లేచి వస్తుంది. అది లేచి వచ్చినప్పుడు నాకు కలిగే సంతోషం జీతం పడ్డ రోజున కూడా కలగదు. ఒట్టేసి చెప్తున్నాను.

దానికి ఫెవిక్విక్ పెట్టాలట. విరిగినచోట నార చీలిపోయింది, అతికించినా ఆ గీతలు కలవవు. ఇది ఎవరికి చెప్పను?

ఇక ఆ "ఎంతకి పోతోంది" అన్న ప్రశ్న. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. వాకిట్లో ముగ్గేసే ఆవిడని చుక్క ఎంత అని అడుగుతామా? స్నానం చేస్తూ పాడుకునే ఆయన్ని చరణం ఎంత అని అడుగుతామా? చేత్తో ఒక వస్తువు తయారైందంటే మాత్రం దానికి వెంటనే ధర కట్టెయ్యాలి. అమ్మను అంటే "టైం వేస్ట్" అంటారు. పోనీ అని ఒక అంకె చెప్తే "చెక్కముక్కకి అంతా?" అంటారు. మా ఆఫీసులో ఒకావిడైతే "మీకు భలే తీరికండీ" అంది. సాయంత్రం నుంచి రాత్రి దాకా వరసగా సీరియళ్లు చూసే మనిషి ఆవిడ. ఆ తీరికని ఎవరూ లెక్కలు అడగరు. నేను బాల్కనీలో న్యూస్ పేపర్ పరుచుకుని ఒక గంట కూర్చుంటే మాత్రం అందరికీ నా టైం మీద బెంగ.

ధర అంటే కొండపల్లి గుర్తొచ్చింది, అది కూడా చెప్పేస్తాను. పొనికి ముక్కల కోసం నేను అక్కడ ఒక బొమ్మలు చేసేవాళ్లింటికి వెళ్తుంటాను. మాకు విజయవాడ నుంచి ఎంత దూరమని! వాళ్ల పనిలో మిగిలిన తునకలు నా చిన్న బొమ్మలకి సరిపోతాయి. మొన్నామధ్య వెళ్లినప్పుడు కార్లో ఒక జంట వచ్చింది. ఖిల్లా చూసి వస్తున్నారట. అంబారీ ఏనుగు చేతిలోకి తీసుకున్నారు. ఆ ఏనుగు ఎలా తయారవుతుందో నేను చాలాసార్లు చూశాను. ముందు కర్రకి సన్నసెగ తగిలించి చెమ్మ పోగొట్టాలి. బహుదార అనే చెక్కుడు పనిముట్టుతో ఒళ్లు ఒక ముక్కగా, తొండం, చెవులు, పైన అంబారీ, అందులో కూర్చునే మనుషులు, అన్నీ విడివిడిగా చెక్కాలి. చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులు కనపడకుండా కలపాలి. ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూసి, ఆరాక రంగులు వేయాలి. ఆ ఇంటావిడ మా ముందే ఇంకో ఏనుగు మీద సన్న కుంచెతో చుక్కలు పెడుతోంది. ఈ కార్లో వచ్చినాయన ఫోన్ తీసి చూపించాడు. "ఆన్‌లైన్‌లో ఇలాంటిదే ప్లాస్టిక్‌ది ఇందులో సగమే, చూడమ్మా."

ప్లాస్టిక్‌ది! 400 ఏళ్ల నుంచి చేస్తున్న పని పక్కన పెట్టి చూపించాడు. ఆవిడ కుంచె దించకుండా, తల ఎత్తకుండా ధర తగ్గించింది. నాకు అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత వాళ్లు ఆ ఏనుగుని పట్టుకుని ఆవిడ పక్కన నిలబడి ఫోటో దిగారు. పొనికి చెట్లు తగ్గిపోతున్నాయి, కర్ర దొరకడమే కష్టంగా ఉంది, పిల్లలు ఈ పనిలోకి రావట్లేదు అని ఆ ఇంట్లో వాళ్లు ఎప్పుడూ బాధపడుతుంటారు. వస్తారా మరి? ఎవరు మాత్రం వస్తారు?

2023లో ఏటికొప్పాక లక్క బొమ్మల సి.వి. రాజు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు, 2025 జనవరి 26న ఢిల్లీలో మన శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు వెళ్లినప్పుడు మన వాట్సాప్ స్టేటస్‌లన్నీ అవే. నేనూ పెట్టాను, గర్వంగానే పెట్టాను. లేత్ మీద అంకుడు కర్ర తిరుగుతుంటే రంగు లక్కని దానికి ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. ఎంత తెలివైన పని! కానీ ఆ స్టేటస్ పెట్టుకున్నవాళ్లలో ఎంతమంది పిల్లల పుట్టినరోజుకి ఏటికొప్పాక బొమ్మ కొన్నారు? నా పరిచయస్తుల్లో నాకు ఒక్కరూ గుర్తురావట్లేదు.

ఇంకో మంట ఏంటంటే, ఇదే చిన్నమావయ్యగారు ఫ్యామిలీ గ్రూపులో జపాన్ వీడియోలు పెడతారు. మేకు కొట్టకుండా చెక్కల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి గుడి కట్టే వీడియో. కింద "మనవాళ్లు ఎప్పుడు నేర్చుకుంటారో" అని రాస్తారు. మనవాళ్లు నేర్చుకుంటే "దేనికమ్మా" అని అడిగేది కూడా ఆయనే. జపాన్ వాడి చేతిలో కత్తి ఉంటే కళ, ఇంటి కోడలి చేతిలో ఉంటే పనీపాటా లేకపోవడం!

ఫిన్లాండ్ 1866లోనే చేతిపనిని బళ్లలో తప్పనిసరి చేసింది. స్వీడన్‌లో ఈరోజుకీ అది సబ్జెక్టే, ఆడా మగా తేడా లేకుండా ప్రతి పిల్లా పిల్లాడూ కర్రపనీ కుట్టుపనీ రెండూ నేర్చుకోవాలి. అంత దూరం ఎందుకు, 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని చుట్టూనే చదువు ఉండాలన్నారు. మా హైస్కూల్లో క్రాఫ్ట్ పీరియడ్ ఉండేది కూడా. ఉండేది, మాకు కాదు. మగపిల్లలకి వడ్రంగం, ఆడపిల్లలకి కుట్లు అల్లికలు.

ఆ వడ్రంగం షెడ్డు కిటికీ నాకు ఇంకా గుర్తే. లోపల చిత్రిక పట్టిన పొట్టు కుప్పలు, కర్ర వాసన, మగపిల్లలు విసుక్కుంటూ ఉలి పట్టుకునేవాళ్లు. మా తమ్ముళ్లకి కర్రాబిళ్లకి బిళ్లలు చెక్కిచ్చేది నేను. తుమ్మకర్ర ముక్కకి రెండు వైపులా మొన తీసి, దెబ్బ వేస్తే గాల్లోకి సరిగ్గా లేచేట్టు. వీధిలో పిల్లలందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. జొన్నబెండుతో బండి కట్టడం కూడా నాకే బాగా వచ్చేది. ఆ ధైర్యంతోనే వెళ్లి మాష్టారిని అడిగాను, నేనూ ఇటు కూర్చుంటానండీ అని. "చెయ్యి తెగితే రేపు నిన్నెవడు చేసుకుంటాడే?" అన్నారాయన. షెడ్డంతా నవ్వు.

అదే రోజు సాయంత్రం నేను ఇంట్లో కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరిగాను. అప్పుడు నా చేతి గురించి ఎవరికీ భయం వేయలేదు. మన దేశంలో ఆడపిల్లలు చిన్నప్పట్నుంచీ కత్తిపీట ముందే పెరుగుతారు కదా! కూర కోసమైతే ఎంత పదునైనా పర్వాలేదు, పిట్ట కోసమైతే ప్రమాదం. ఈ ముక్క నేను ఎన్నేళ్లుగానో మనసులో పెట్టుకుని ఉన్నాను. ఇవాళ బయటికొచ్చింది, రానివ్వండి.

ఇంట్లో చెప్తే నాన్న ఇంకో మాట అన్నారు. "చదువుకుని వడ్రంగి పని చేస్తావా?" ఆ "వడ్రంగి" అనడంలో ఎంత చులకనో! మా ఊళ్లో నాగలీ, బండిచక్రం, గుమ్మం, ఉయ్యాల, పాడె దాకా ఆ వడ్రంగి బాబాయే చేసేవాడు. ఆయన లేకపోతే ఊళ్లో ఒక్క అరక కదలదు. కల్లంలో మేర, అంటే ఆయన పనికి ఇచ్చే ధాన్యం, కొలిచి ఇచ్చేటప్పుడు మాత్రం ఆయన్ని దూరంగా నిలబెట్టేవాళ్లు. చేతిపని అంటే ఇవాళ్టికీ ముందు అడిగేది ధర, ఆ తర్వాత మనసులో కొలిచేది కులం. నాకు ఒళ్లు మండేది అందుకే. నా పిచ్చుక తోక ఒక్కదాని కోసం ఇంత రాస్తానా?

ఇప్పటి బళ్లయినా మారాయా? 2020 జాతీయ విద్యా విధానంలో స్పష్టంగా రాశారు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగుల దగ్గర, కుమ్మరుల దగ్గర, తోటమాలుల దగ్గర పని చూసి నేర్చుకోవాలని. మా అమ్మాయి బళ్లో పేరెంట్స్ మీటింగ్‌లో అడిగాను. "ఐఐటీ ఫౌండేషన్ పోర్షన్ ఉందండీ, కుదరదు" అన్నారు. ఆరో తరగతికి ఐఐటీ! పక్కనున్న తల్లిదండ్రులందరూ నన్నే వింతగా చూశారు. పెన్సిల్ చెక్కుకోవడానికి కూడా చాకు పట్టుకోవడం రాని పిల్లలు రేపు ఇంజనీర్లవుతారట.

మా కింద ఫ్లోర్‌లో ఏడో తరగతి పిల్ల ఉంది. నేను బాల్కనీలో చెక్కుతుంటే మెట్లెక్కి వచ్చి కూర్చుంటుంది. రాలిన పొట్టులోంచి చుట్టలు చుట్టలుగా ఉన్నవి ఏరి జేబులో వేసుకుంటుంది. "ఆంటీ, నాకు నేర్పరా?" అని పోయిన వారం అడిగింది. వాళ్లమ్మగారు కింద నుంచే కేకేశారు, "వద్దే, చెయ్యి కోసుకుంటావ్!"

ఆవిడ ఈ పోస్టు చదువుతారని నాకు తెలుసు. ఏమండీ, పాపని ఆదివారం పొద్దున పది గంటలకి పంపండి. ఎడమ చేతికి తోలు గ్లౌజు ఉంటుంది, బొటనవేలికి గుడ్డ చుడతాను. కత్తి ఒంటి వైపు కాకుండా బయటికి తోయడం ముందు నేర్పుతాను. మొదటి రోజు పిట్టలూ గిట్టలూ ఏమీ లేవు, రెండు వైపులా మొన తీసిన ఒక బిళ్ల, అంతే. మీకు భయంగా ఉంటే మీరూ వచ్చి పక్కన కూర్చోండి. నా దగ్గర ఇంకో కత్తి ఉంది, పొనికి ముక్కలూ ఉన్నాయి.